సాగనంపు గ్రాంటు

మా జీడివలసలో ఒక్కడు రైలెక్కితే ముప్పై మంది సాగనంపడానికి వస్తారు. తప్పంటారా? రాకపోతేనే తప్పు. ‘మావాడు మిలట్రీకి వెళ్తుంటే మీ ఇంట్లోంచి పిల్లి కూడా రాలేదు’ అని పదేళ్ళు పోయాక ఎవరిదో పెళ్ళి పందిట్లో దెప్పుతారు. అంచేత వస్తాం. ఊరగాయ జాడీ ఒకరు, మరచెంబు ఒకరు, ఏమీ లేనివాళ్ళు వట్టి కన్నీళ్ళతో వస్తాం. ఇంటర్‌సిటీ ప్యాసింజరు పొద్దున ఆరూ ఇరవైకి వచ్చి రెండు నిమిషాలు ఆగుతుంది. ఆ రెండు నిమిషాల్లోనే ఎక్కేవాడు ఎక్కాలి, మిగిలిన ముప్పై మందీ ఏడవాలి, దొంగల గురించి హెచ్చరించాలి, కిటికీలోంచి అరటిపళ్ళు అందించాలి, బండి కదిలాక దాని వెంట పరిగెత్తాలి. మా తాతల నాటి నుంచీ ఇదంతా సజావుగానే జరిగింది. గ్రాంటు వచ్చేదాకా.

నా పేరు దాలినాయుడు. సోషల్ మాస్టారుగా రిటైరై, ఊరికే కూర్చోలేక ప్రయాణికుల సంక్షేమ సంఘానికి కార్యదర్శినయ్యాను. సంఘానికి అధ్యక్షుడు లేడు, ఎవరూ ఒప్పుకోలేదు. నిజం చెప్పాలంటే సంఘం పెట్టింది నా మేనకోడలు రోజారాణి కోసం. ఆ పిల్ల నర్సు చదువుకని నాలుగేళ్ళు ఇదే బండిలో పట్నం వెళ్ళొచ్చింది, అదీ మరుగుదొడ్డి తలుపు పక్కన ఒంటికాలి మీద నిలబడి. చదువయ్యాక ఎనిమిదేళ్ళుగా సర్కారు ఆసుపత్రి ఉద్యోగం కోసం తిరుగుతోంది. ఈ కథంతా ఆ పిల్ల ఉద్యోగంలో చేరిందా లేదా అన్నదే. తిన్నగా అక్కడికే వద్దును గానీ, మధ్యలో గ్రాంటు అడ్డొచ్చింది.

బండికి ఇంకో రెండు పెట్టెలు తగిలించమనీ, ఉన్న పెట్టెల్లో మరుగుదొడ్లకు గడియలు పెట్టించమనీ పదకొండేళ్ళు అర్జీలు పెట్టాను. పదకొండు సార్లూ ‘తమ అర్జీ పరిశీలనలో ఉన్నది’ అని జవాబొచ్చింది. పెళ్ళివారు పిల్లను కూడా అంత శ్రద్ధగా చూడరు. పన్నెండో ఏట మాత్రం వేరే ఉత్తరం వచ్చింది. ‘నగరాంతర ప్రయాణికుల రైలు అభివృద్ధి గ్రాంటు మండలి’ అని ఒకటి పుట్టిందట. దానికి ఒకటే సూత్రమట: స్టేషనును ఎవరు ఎక్కువగా వినియోగిస్తున్నారో వారి అవసరమే అభివృద్ధి. చదివి ఎగిరి గంతేశాను. ఇంతకన్నా న్యాయమైన మాట సర్కారు కాగితం మీద నేనెన్నడూ చూడలేదు.

లెక్కలు తీయడానికి మనుషులు వచ్చారు. వచ్చింది వైశాఖ మాసంలో. పెళ్ళిళ్ళ రోజులవి, కొత్త పెళ్ళికూతుళ్ళు రోజుకిద్దరు అత్తారిళ్ళకు బయలుదేరుతున్నారు. దానికితోడు ఆ వారమే ముగ్గురు కుర్రాళ్ళు మిలట్రీకి ఎంపికయ్యారు. లెక్కలవాళ్ళు గేటు దగ్గర నిలబడి, లోపలికొచ్చిన ప్రతి మనిషికీ చేతిలో మీట టిక్కుమనిపించారు. నాదస్వరం ఊదేవాడికీ ఒక టిక్కు. డోలు వాయించేవాడికీ ఒక టిక్కు. తర్వాత ఒక్కొక్కరినీ ఆపి, “రైలు విషయంలో మీకున్న ముఖ్య సమస్య ఏమిటి?” అని అడిగారు.

మా చెల్లెలు అప్పయ్యమ్మ, అంటే రోజారాణి తల్లి, ఆ రోజు పక్కింటి పెళ్ళికూతురిని పంపి కళ్ళొత్తుకుంటోంది. ఆమెనూ అడిగారు.

“ఏటున్నాది బాబూ, ఎల్లిపోతాది. అదే కదా కష్టం!” అంది.

అందరూ అదే చెప్పారు. మాటలు వేరు గానీ గోడు ఒకటే. నెల తిరిగేసరికి నివేదిక వచ్చింది. నూటికి తొంభైనాలుగు మంది వినియోగదారులు రైలు వెళ్ళిపోవడాన్నే ప్రధాన సమస్యగా పేర్కొన్నారట. రైలెక్కేవాళ్ళు నూటికి ఆరుగురేనట.

ఆ నివేదిక పట్టుకొని నోడల్ అధికారి పరాంకుశం గారు స్వయంగా దయచేశారు. పొడుగాటి మనిషి, మెత్తటి గొంతు. స్టేషను మాస్టరు ఓబులేసు గారి గదిలో సమావేశం పెట్టారు. నేను రెండు పెట్టెలు, నాలుగు గడియలు అని రాసిన కాగితంతో లేచి నిలబడ్డాను.

“తమరు ప్రయాణికుల ప్రతినిధి కదా?” అన్నారు పరాంకుశం గారు.

“అవునండి.”

“ప్రయాణికులు నూటికి ఆరుగురు. తమరిది అల్పసంఖ్యాక వర్గం. తమ మనోభావాలను మండలి సగౌరవంగా నమోదు చేసుకుంటున్నది. ఆసీనులు కండి.”

ఆసీనుణ్ణి అయ్యాను. కానీ నోరు ఊరుకోదు కదా. “రైలు బాగుపడకుండా రైలు ప్రయాణం ఎలా బాగుపడుతుందండీ?” అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూశారు. “మాస్టారూ, రైలును కేవలం రైలుగా చూడటం పాతకాలపు దృక్పథం. ఈ స్టేషను లక్షిత లబ్ధిదారులు సాగనంపువారు. వారి సమస్య, నిష్క్రమణ. కనుక నిష్క్రమణానుభవాన్ని సమగ్రంగా అభివృద్ధి పరచడమే మండలి కర్తవ్యం.”

ఓబులేసు గారిది అనంతపురం వైపు. ఆ సంస్కృతం అంతా విని, నా చెవిలో “ఏం జెప్తాండాడు సార్ ఈయప్ప?” అన్నాడు. “ఏడవడానికి కుర్చీలు వేస్తారట” అన్నాను. కోపంతో అన్నాను గానీ, నిజంగానే వేశారు.

మూడు నెలల్లో స్టేషను మారిపోయింది. విలాప మందిరం కట్టారు. లోపల చల్లటి గాలి, మెత్తటి బెంచీలు. ఆనందబాష్పాలవారు ఎడమ వైపు, దుఃఖంవారు కుడి వైపు కూర్చోవాలి. పెళ్ళికూతురి తల్లులకు ఎటు కూర్చోవాలో తెలియక మధ్యలో నిలబడిపోతుంటే, వాళ్ళకోసం మధ్యలో ఇంకో బెంచీ వేశారు. ముఖాలు కడుక్కోవడానికి వరసగా పన్నెండు కుళాయిలు. బండి వెంట పరిగెత్తేవాళ్ళు బోర్లా పడకుండా ప్లాట్‌ఫారం పొడుగునా ఎర్రటి రబ్బరు బాట. పొట్టివాళ్ళు చెయ్యి ఊపితే లోపలివాళ్ళకు కనపడదని మూడు మెట్ల వేదిక. ఇక మైకు సంగతి చెప్పాలి.

“సాగనంపువారి దృష్టికి! ఇంటర్‌సిటీ ప్యాసింజరు మరికొద్ది సేపట్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారానికి చేరనున్నది. దయచేసి తమ విలాపాన్ని ప్రారంభించగలరు.”

“నా సర్వీసంతా బండికి సిగ్నలిస్తా వచ్చినా సార్,” అన్నాడు ఓబులేసు. “ఏడుపుకి సిగ్నలిచ్చింది మాత్రం ఈ ఊర్లోనే.”

మావాళ్ళ సంగతి ఏం చెప్పను! సిగ్గు లేకుండా సంబరపడ్డారు. చుట్టాలున్నవాళ్ళు చుట్టాలను పంపడానికి వచ్చారు. లేనివాళ్ళు ఫ్యాన్ల కింద కూర్చోవడానికి వచ్చి, ఎవరి కోసమో ఒకరి కోసం ఏడ్చి వెళ్ళారు. రెండు నిమిషాలు చాలడం లేదని రాసిస్తే బండి పదిహేను నిమిషాలు ఆగడం మొదలుపెట్టింది. అదీ చాలదంటే ముప్పై అయిదు. బండి డ్రైవరు ఆ ముప్పై అయిదు నిమిషాల్లో గడ్డం గీయించుకొని, ఇడ్లీ తిని, చిన్న కునుకు తీసేవాడు. వెనక ఊళ్ళ నుంచి వస్తున్న ప్రయాణికులు కిటికీల్లోంచి మా ఏడుపు చూసి చూసి, తమకెవరూ ఇలా ఏడవలేదని వాళ్ళూ ఏడ్చేవారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. తర్వాత నిష్పత్తి వచ్చింది. ఒక్కో ప్రయాణికుడికి తక్కువలో తక్కువ పదిహేను మంది సాగనంపువారుండాలి, లేకపోతే రెండో విడత గ్రాంటు ఆగిపోతుంది. రోజూ గుట్టుగా వచ్చి గుట్టుగా బండెక్కే పాసులవాళ్ళు ఉన్నారు చూడండి, వాళ్ళు నిష్పత్తిని పాడుచేస్తున్నారట. వాళ్ళ కోసం ఎవరేడుస్తారు? పెళ్ళాం కూడా నిద్ర లేవదు. అంచేత పదిహేను మందిని చూపించనిదే ఎవరికీ టికెట్టు ఇవ్వొద్దన్నారు, పాసున్నా గేటు దాటనివ్వొద్దన్నారు.

తాపీ మేస్త్రి గురువులుది తనతో కలిపి పదహారు మంది జట్టు. రోజూ పట్నం వెళ్ళి గోడలు కట్టి వచ్చేవారు. రూలు విని వాళ్ళు గేటు దగ్గరే తల గోక్కున్నారు. గురువులు వేళ్ళ మీద లెక్కపెట్టి, “ఒకడెల్తే పదిహేనుగురం ఉంటాం కదా! ఇంకేటి, సరిపోనాది” అన్నాడు. ఆనాటి నుంచి పదిహేను మంది తాపీలు పట్టుకొని ఏడవడం, ఒకడు పనికి వెళ్ళడం. పదహారు రోజులకొకసారి ఒక్కొక్కడి వంతు. పట్నంలో వాళ్ళు కడుతున్న ఇంటి యజమాని ఫోను చేసి, గోడ కడుతున్నారా నాటుతున్నారా అని అడిగాడట. పరాంకుశం గారు మాత్రం గురువులుకు శాలువా కప్పారు. సాగనంపుల సాంద్రతలో జీడివలస ముందంజలో ఉందన్నారు.

సరిగ్గా ఇలాంటప్పుడు, ఒక శనివారం సాయంత్రం, రోజారాణికి ఉద్యోగం కాగితం వచ్చింది.

సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపు పట్నం ఆసుపత్రిలో చేరాలి. పన్నెండు దాటితే జాబితాలో తర్వాతి పేరుకి ఇచ్చేస్తారు. వచ్చిన దారిలోనే పోస్టు ఎక్కడో ఆలస్యమయింది, అదెవరికీ పట్టదు. బస్సులో వెళ్దామా అంటే ఏటి మీద వంతెన కుంగి బస్సులు ఆగిపోయాయి. ఆదివారం ఈ బండి నడవదు. ఇక మిగిలింది సోమవారం పొద్దుటి ఇంటర్‌సిటీ. ఇక్కణ్ణుంచి పట్నం రెండు గంటల దారి. ముప్పై అయిదు నిమిషాలు ఆగినా తొమ్మిదికల్లా చేరిపోతుంది, బోలెడంత టైము. పదిహేను మంది సాగనంపువారు కావాలన్న బెంగ కూడా లేదు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా సూది పొడిచేది ఆ పిల్లే. ఊరంతా వస్తుంది.

రెండు వందల పదమూడు మంది వచ్చారు. తొమ్మిది రకాల ఊరగాయలు వచ్చాయి. పరాంకుశం గారి కళ్ళు మెరిశాయి.

“ఆదర్శ సాగనంపు!” అన్నారు. “ఇంతటి సుముహూర్తానే మండలి నూతన విధానాన్ని ప్రవేశపెడుతున్నది. ఎంతసేపు రైలు ఆపినా చాలలేదనే ఫిర్యాదు వస్తున్నది. కనుక ఇకమీదట గడియారం ప్రమాణం కాదు. తనివే ప్రమాణం. ప్రతి సాగనంపువారూ ఈ పత్రంపై సంతకం చేసిన పిదపనే రైలు కదులును.”

పత్రం తీసుకొని చదివాను. ‘సదరు ప్రయాణికురాలి విషయమై నాకు తనివి తీరినది. ఇక ఆమె వెళ్ళవచ్చును.’ కింద సంతకం గానీ వేలిముద్ర గానీ.

మొదటి పత్రం కన్నతల్లికే ఇవ్వాలన్నారు. అప్పయ్యమ్మకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“నా కూతురంటే నాకు తనివి తీరిపోనాదని నాను యేలిముద్ర యెయ్యాలా అన్నయ్యా?”

“కాగితం కోసమేనే.”

“కాయితమైతే మాత్రం? ఏ తల్లైనా ఆ మాట అంటాదేటి? బాబూ, పెద్దాపీసరుగోరూ, మిమ్మల్ని పంపినప్పుడు మీ అమ్మ ఇలగే యేసిందేటి?”

పరాంకుశం గారు తమ తల్లిగారి విషయం ఈ పథకం పరిధిలోకి రాదన్నారు. అప్పయ్యమ్మ చెయ్యి వెనక్కి దాచుకొని కూర్చుంది. ఆమె వెయ్యకపోయేసరికి ఇంకెవరూ వెయ్యలేదు. ఎలా వేస్తారు! తల్లికే తీరని తనివి పక్కింటివాళ్ళకు తీరిందంటే, వాళ్ళకు పిల్లంటే గిట్టదని కదా అర్థం. మా మరదలు పత్రాన్ని వేళ్ళ కొసతో పట్టుకొని, “ముందు మేనత్తని అడగండి” అంది. మేనత్త పెద్దమ్మను చూపించింది. పెద్దమ్మ వినపడనట్టు కూర్చుంది. తనివి తీరలేదని పోటీలు పడి ఏడుస్తున్నారు. మైకు పాపం ‘దయచేసి విలాపాన్ని ముగించగలరు’ అంటూనే ఉంది.

ఏడయింది. ఎనిమిదయింది. తొమ్మిదయింది. లోపల ఉన్న ప్రయాణికులు ఇడ్లీ డబ్బాలు ఖాళీచేసి మా ఊరగాయలకు చేతులు చాపారు.

“అయ్యా, పది దాటితే పిల్ల ఉద్యోగం పోతుంది” అన్నాను పరాంకుశం గారితో.

“భావోద్వేగాలకు కాలపరిమితి విధించే అధికారం మాకు లేదు మాస్టారూ. పైగా ఇది మూడు గంటల అవిచ్ఛిన్న సాగనంపు. దేశంలోనే ప్రథమం కావచ్చు” అన్నారాయన ఫొటో తీయిస్తూ.

ఓబులేసు వంక చూశాను. పచ్చజెండా చంకలో పెట్టుకొని, “నా చేతుల్లో ఏముంది సార్? పేపర్లు రాకుండా బండి ఇడిస్తే నన్ను సాగనంపుతారు” అన్నాడు.

అప్పుడు రోజారాణి బండి దిగింది. ఏడవలేదు. తిన్నగా తల్లి దగ్గరికొచ్చి, నేల మీద కూర్చుంది.

“అమ్మా, నా తరవాత పేరున్న పిల్ల ఇప్పుడు ఆ ఆపీసు మెట్ల మీద కూకుని ఉంటాది. పన్నెండెప్పుడవుతాదా అని గడియారం సూసుకుంటాది. నాకెలగ తెలుసంటావా? నాలుగుసార్లు నానలగే కూకున్నాను. నాలుగుసార్లూ ఆ ముందు పేరోళ్ళు టైముకి వచ్చీసినారు.”

ఈ సంగతి నాకూ తెలియదు. ఆ నాలుగుసార్లూ ఇంటికొచ్చి ‘పేరు రాలేదు’ అని మాత్రమే చెప్పింది. మా చెల్లెలు కూతురి ముఖం చూసింది. చీరకొంగుతో ముక్కు తుడుచుకుంది. లేచి నిలబడి, స్టేషను దద్దరిల్లేలా అరిచింది.

“ఒలే రోజా! నీకు బువ్వెట్టి ఎట్టి నా సేతులరిగిపోనాయి! నీ మొకం సూళ్ళేక సస్తన్నాను! ఎల్లిపోవే! నాకు తనివి తీరిపోనాది!”

వేలు సిరాలో ముంచి పత్రం మీద గట్టిగా అదిమింది. వేలు తియ్యడానికి కొంచెంసేపు పట్టింది.

ఇక చూడండి! పెద్దమ్మకు చెవులు వచ్చేశాయి. “ఎల్లు, పీడా పోనాది! సూదులు పొడిసి పొడిసి నా ఒళ్ళు జల్లెడ సేసేసినావు!” అని ముద్ర వేసింది. మరదలు, “మా ఇంట కోడిగుడ్లు మిగులుతాయి పో!” అంది. గురువులు జట్టు పదహారు మందీ ఒకేసారి, “మాకెప్పుడో తీరిపోనాది!” అని కేకలు వేశారు. జనం ఎగబడి ఒకరి వీపు మీద ఒకరు పత్రాలు పెట్టి సంతకాలు చేశారు. తిట్టనివాడు పాపాత్ముడన్నట్టు తిట్టారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో చూసేవాళ్ళకు తెలియదు, మాకూ తెలియదు. నేనూ తిట్టాను. నలభై ఏళ్ళ మాస్టరీలో వాడని మాటొకటి వాడాను, ఇక్కడ రాయను. రోజారాణి తలుపు దగ్గర నిలబడి కడుపు పట్టుకొని నవ్వుతోంది, కళ్ళలోంచి ధారలు కారుతున్నాయి. పరాంకుశం గారు కలం పట్టుకొని ఏ వరసలో ఏం రాయాలో తెలియక గుండ్రంగా తిరుగుతున్నారు.

బండి తొమ్మిదీ యాభై రెండుకు కదిలింది.

మధ్యాహ్నం ఫోను వచ్చింది. స్టేషనులో దిగి ఆటో ఎక్కకుండా పరుగే పరుగట, పన్నెండుకు రెండు నిమిషాలుందనగా సంతకం పెట్టిందట. మెట్ల మీద నిజంగానే ఒకమ్మాయి కూర్చుని ఉందట. మా రోజా సంతకం పెట్టి బయటికొచ్చి, పులిహోర డబ్బా విప్పి సగం ఆ పిల్లకు పెట్టిందట. అప్పయ్యమ్మ ఫోను నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు మా వీధిలో ఎవరూ కూర వండలేదు, మిగిలిన ఊరగాయలతోనే అందరం అన్నాలు తిన్నాం.

మూడు వారాలకు మండలి నుంచి ఉత్తరం వచ్చింది. ఓబులేసు స్వయంగా తెచ్చిచ్చాడు. ‘జీడివలస స్టేషను వినియోగదారులు రెండు వందల పదమూడు మంది తమకు తనివి తీరినదని లిఖితపూర్వకంగా ధ్రువీకరించియున్నారు. పథక లక్ష్యము నూటికి నూరు శాతము నెరవేరినది. ఇకపై సాగనంపవలసిన అవసరము లేనందున, వచ్చే ఒకటో తేదీ నుంచి ఇంటర్‌సిటీ ప్యాసింజరు సదరు స్టేషనులో ఆగదు. ఇంతటి విజయానికి కారకులైన ప్రజలకు అభినందనలు.’

ఒకటో తేదీ నుంచి నిజంగానే ఆగడం లేదు. ఉత్తరం చదివిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది ప్రజల అభిప్రాయం కాదనీ, రైలు కదలడానికి వేసిన ముద్రలనీ, పిల్ల సెలవు దొరికి తల్లిని చూడటానికి రావాలంటే దారి లేదనీ, పదకొండు పేజీలు రాశాను. ఈసారి జవాబు వారంలోనే వచ్చింది. దాంతోపాటు ఒక కట్ట పత్రాలూ వచ్చాయి.

వాటిని పట్టుకొని చెల్లెలింటికి వెళ్ళాను. అప్పయ్యమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

“ఏటంట అన్నయ్యా?”

“బండి మళ్ళీ ఆగాలంటే, ఆ రోజు సంతకాలు పెట్టిన రెండు వందల పదమూడు మందీ తమకు తనివి తీరలేదని రాసివ్వాలట. మొదటి పత్రం నీదేనట.”

మా చెల్లెలు చేట కింద పెట్టింది.

“ఆ పొద్దు మూడు గంటలు నాను మొత్తుకున్నాది అదే కదా!” అంది. నేను సిరా డబ్బా మూత తీసేలోపే బొటనవేలు చాపింది.